మోగే వలువ

నాలో నేసిన గుడ్డ లేదు. నీలిపూసలు, వాటిని వలలా అల్లిన దారం, అంచున 127 గవ్వలు. రొమ్ముల దగ్గర రెండు చిన్న డొప్పలు. నేను ఈజిప్టులో, నైలు నది పక్కన ఖౌ అనే చోట, క్రీ.పూ. 2400 ప్రాంతంలో సమాధిలోకి వెళ్ళాను. అప్పటికి ఐదవ రాజవంశం నడుస్తోంది.

పూసలు రత్నాలు కావు. పలుగురాయి పొడిలో క్షారం, కాస్త రాగి కలిపి ముద్దచేసి కాల్చారు. ఆ నీలం రాగి ఇచ్చిందే.

గవ్వల దగ్గరే నా ప్రాణం ఉంది. ఒక్కో గవ్వలో చిన్న రాయి దూర్చారు. కట్టుకున్నామె అడుగు వేస్తే గలగలలాడతాయి, గిర్రున తిరిగితే హోరెత్తుతాయి. మీ గజ్జెల్లో గుండు చేసే పనే ఇది. కాకపోతే గజ్జెలు కాలికి విడిగా కడతారు, నాకు మోత బట్టలోనే ఉంది. నన్ను నాట్యం కోసం చేశారని చాలామంది అంటారు. ఆ రాళ్ళు చూశాక నడకకో, అలంకారానికో చేశారంటే ఎలా ఒప్పుకోను?

మా కాలపు ఆడవాళ్ళను గోడల మీద చీలమండల దాకా బిగుతైన బట్టలతో గీశారు. అవి కట్టుకుని కాలెత్తడం కుదరదు. సఖారాలో అంఖ్‌మహోర్ సమాధి గోడ చూడండి: అమ్మాయిలు వెనక్కి వాలి, ఒక కాలు ఆకాశానికి ఎత్తి ఆడుతున్నారు. నడుముకు పొట్టి గుడ్డ, జడ కొసన గుండ్రటి బరువు. తల విసిరితే ఆ బరువు జడను దూరంగా ఊపుతుంది. వెయ్యేళ్ళ తర్వాతి నెబమూన్ సమాధి చిత్రంలో ఆడే ఇద్దరికీ నడుంపట్టీ, నగలు తప్ప ఒంటిమీద ఏమీ లేదు. స్నెఫ్రు రాజు పడవను ఇరవైమంది అమ్మాయిలు బట్టలకు బదులు వలలు కట్టుకుని నడిపారని వెస్ట్‌కార్ పాపిరస్ కథ చెబుతుంది. అది చదివినవాళ్ళు నన్నే తలుచుకుంటారు.

1920లలో పురావస్తు శాస్త్రవేత్త గై బ్రంటన్ నన్ను తవ్వి తీశాడు. 1990లలో మళ్ళీ గుచ్చారు. ఇప్పుడు లండన్‌లో పెట్రీ మ్యూజియంలో ఉన్నాను. నన్ను కదపకూడదు, అది న్యాయమే. కానీ నా కొలతకే కొత్త పూసలు, రాళ్ళు దూర్చిన కొత్త గవ్వలతో ఇంకోటి అల్లి, బాగా ఆడగలిగిన అమ్మాయికి కట్టి, ఆ మోతను నా పెట్టె పక్కన వినిపించండి. చూసి వెళ్ళేవాళ్ళు నా రంగుతో పాటు నా గొంతూ తెలుసుకోవాలి.