సౌరక్షేత్రానుమతి: ఇన్వర్టరీ వ్యాఖ్యా సహితం

అవతారిక: వ్యాఖ్యాతలకు పెద్దదిక్కయిన మల్లినాథసూరి మన మెదక్ జిల్లా కొల్చారం వాడు. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ఒట్టు పెట్టుకున్న మనిషి. ఆ ఒట్టు కాళిదాసు దగ్గర చెల్లింది. తహసీల్దారు ప్రొసీడింగ్స్ దగ్గర చెల్లదు. అక్కడ అసలు సంగతి మూలంలో లేనిచోటే ఉంటుంది. కనుక షేక్‌పేట వాస్తవ్యుడనైన నేను ఆ ఒట్టు గట్టున పెట్టి ఈ వ్యాఖ్యకు పూనుకున్నాను. దీని పేరు ఇన్వర్టరీ. ప్రయోజనం మిత్రోపకారం. ఫిలింనగర్‌లో కథాచర్చలకు కూర్చునే మిత్రుడొకడికి ఊళ్లో నాలుగెకరాలున్నాయి. సినిమా మీద ఆశ సగం చచ్చి, పొలంలో సోలార్ పలకలు పాతిస్తానని బయల్దేరాడు. ఆయన పట్టుకొచ్చిన కాగితాల పోలికన నేనే కూర్చిన నమూనా ఇది.

మూలం: ఫలానా గ్రామములోని నాలుగు ఎకరముల పట్టా భూమిని, పట్టాదారు దరఖాస్తు మేరకు, సోలార్ ప్లాంటు నిమిత్తము, వ్యవసాయేతర భూమిగా మార్చుటకు, దిగువ ఎనిమిది షరతులకు లోబడి, అనుమతించడమైనది.

టీక:

నాలుగు ఎకరములు = ఒక మెగావాట్. ఈ శాస్త్రంలో ఎకరం భూమిని కొలవదు, కరెంటును కొలుస్తుంది. అయితే ఖండకావ్యానికి చాలిన కొలత మహాకావ్యానికి చాలదు. కర్నూలు సోలార్ పార్కులో వెయ్యి మెగావాట్లకు దాదాపు 5,932 ఎకరాలు పట్టాయి. రోడ్లూ సబ్‌స్టేషన్లూ వర్ణనల్లాంటివి, చోటు తింటాయి.

పట్టా భూమి = అసైన్డ్ కానిది. అసైన్డ్ భూమి చేతులు మారకూడదని 1977 నుంచి చట్టం ఉంది. మారిన కథలు కూడా అప్పటి నుంచే ఉన్నాయి. ముందుకు పోదాం.

దరఖాస్తు మేరకు = పట్టాదారు కోరగా. ఎందుకు కోరెను? 2019లో వచ్చిన పీఎం కుసుమ్ పథకం రైతు తన పొలంలోనే 500 కిలోవాట్ల నుంచి రెండు మెగావాట్ల దాకా ప్లాంటు పెట్టి డిస్కంకు అమ్ముకోవచ్చంది. మన రాష్ట్రంలో యూనిట్‌కు 3 రూపాయల 13 పైసలు. పొలం సబ్‌స్టేషన్‌కు అయిదు కిలోమీటర్ల లోపుంటే మేలు. సూర్యుడు ఊరంతటికీ ఉదయిస్తాడు గాని సబ్‌స్టేషన్ ఒక దిక్కునే ఉంటుంది. ఆ దిక్కు పొలాల ధర అప్పుడే పెరిగింది. మెగావాట్‌కు మూడు నాలుగు కోట్లు కావాలి. నాలుగెకరాల రైతు దగ్గర అవి ఉండవు. ఉన్నవాడు నాలుగెకరాల రైతు కాడు. ఈ సంకటంలో డెవలపర్ అనే పాత్ర ప్రవేశిస్తుంది, భూమిని లీజుకు అడుగుతుంది. మా వీధి భాషలో చెప్పాలంటే కథ రైతుది, నిర్మాత వేరు.

వ్యవసాయేతర = నాలా అయిన. ఇది శ్లేష. 1963 నాటి వ్యవసాయేతర భూముల పన్ను చట్టం ఇంగ్లీషు పేరును కుదిస్తే వచ్చిన మాట ఇది. ఆ చట్టాన్ని 2006లో కొత్త చట్టం రద్దు చేసింది, పేరు మాత్రం చావలేదు. నేటికీ జనం నాలా చేయించుకుంటూనే ఉన్నారు. మా షేక్‌పేటలో నాలా అంటే వరదకాలువ, ఆపైన బస్‌స్టాపు. మిత్రుడు ఫోన్లో “గురువుగారూ, నాలా పని మీదున్నా” అంటే పూడిక తీయిస్తున్నాడేమో అనుకున్నాను. తేడా స్థూలంగా ఇది: మా నాలాలో వాన నీరు పోతుంది, ఆయన నాలాలో రైతు భరోసా పోతుంది. ఎకరాకు ఏటా 12,000 అని 2025 జనవరిలో పథకం ప్రకటించినప్పుడే నాలా అయిన భూములకు వర్తించదన్నారు.

ప్రాసంగికంగా ఒకమాట. జూబ్లీహిల్స్ సొసైటీకి ఇచ్చిన 1,398 ఎకరాలు కాగితాల్లో షేక్‌పేట, హకీంపేట గ్రామాలవి. కోట్లు పలికే బంగళాల దస్తావేజుల్లో నేటికీ ‘షేక్‌పేట గ్రామం’ అనే ఉంటుంది. ఆ గ్రామంలో గడ్డివాము కనబడాలంటే ఆర్ట్ డైరెక్టర్ సెట్టు వేయాలి. కాబట్టి భూమి జాతి మారడం గురించి మాట్లాడే అర్హత మాకు పుష్కలం.

నిమిత్తము = కొరకు. కాలుష్యం మాటేమిటి? కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2016లో సోలార్‌ను తెల్ల వర్గంలో చేర్చింది, అంటే పొగ లేదు, మండలి సమ్మతీ అక్కర్లేదు. ఫిలింనగర్‌లో ‘వైట్’ అన్నది పారితోషికంలో కాగితం మీదికెక్కే భాగం. రెండర్థాలూ ఇక్కడ అన్వయిస్తాయని కొందరు. నేను మొదటిదానితో ఆగుతాను.

అనుమతించడమైనది = ఇది భావే ప్రయోగం, కర్త లేడు. అనుమతించినదెవరో వాక్యం చెప్పదు, సంతకం చెబుతుంది, అదీ అలికినట్టుంటుంది. కర్త కనబడనప్పుడు అధ్యాహారం చేసుకోమని పెద్దలన్నారు. చేద్దాం. పట్టాదారు ఉన్నాడు, డెవలపర్ ఉన్నాడు, కొనడానికి డిస్కం ఉంది. ఇన్నాళ్లూ ఆ నాలుగెకరాలు దున్నినవాడేడీ?

పాఠాంతరం: పాత పహాణీ ప్రతుల్లో ‘అనుభవదారు’ అని ఒక గడి ఉండేది, భూమి ఎవరి పేరనున్నా చేసేదెవరో అందులో రాసేవారు. 2020లో వచ్చిన ధరణి ప్రతిలో ఆ పదం లుప్తమైంది. లేఖక ప్రమాదమని కొందరు, బుద్ధిపూర్వక పరిష్కరణమని కొందరు. నాకు రెండో పక్షమే నచ్చింది. కౌలుదారు, కూలి ఆ గడితోపాటే మూలం నుంచి జారిపోయారు.

ఉదాహరణ కావాలంటే పావగడ. కర్ణాటకలో ఉన్నా ఇళ్లలో తెలుగు వినబడే తాలూకా. వానలు మొహం చాటేసిన అయిదు ఊళ్లలో దాదాపు 13,000 ఎకరాలు లీజుకు తీసుకుని 2,050 మెగావాట్ల పార్కు కట్టారు. ఎకరాకు ఏడాదికి 21,000తో మొదలుపెట్టి రెండేళ్లకోసారి అయిదు శాతం పెంపు. భూమి అమ్మించకుండా అద్దె ఇవ్వడం మంచి ఏర్పాటేనని నేనూ అంటాను. వేరుశెనగ ఎండిపోయే నేల మీద అది వరమే. అయితే ఆ అద్దె భూమి ఉన్నవాడి ఖాతాకే వెళుతుంది. శెనక్కాయలు పీకి బతికినవాళ్లకు పలకలు తుడిచే పని కొందరికే దొరికింది.

ఆక్షేపం: బీడు భూమిలో పంటేది, పోయిన కూలేది?

సమాధానం: బీడయితే మీ మాటే సిద్ధాంతం. కుసుమ్ పథకం బీడునే ముందు కోరింది. సాగుభూమి అయితే స్తంభాల మీద ఎత్తుగా బిగించి కింద పంట పండించమంది. స్తంభం ఎత్తు పెరిగితే ఇనుము ఖర్చు పెరుగుతుంది కనుక ఆ శ్లోకాన్ని చాలామంది వదిలేసి పారాయణం చేస్తారు.

షరతులకు లోబడి = లోబడి. ఇందులో చమత్కారం కాలానిది. డిస్కంతో ఒప్పందానికి 25 ఏళ్ల గడువుంది; భూమి వ్యవసాయేతరం కావడానికి గడువు రాయలేదు. కరెంటు కొనడం ఆగినా నాలా ఆగదు.

ఇదంతా విని మిత్రుడు, తన పొలం ప్రస్తుతం ఎవరు చేస్తున్నారో తెలియక ఊళ్లో అన్నగారికి ఫోన్ చేశాడు. ఆయన ఫోన్‌ను కౌలుదారు చేతికిచ్చాడు. కంది కోతకు ఇంకా నెల ఉందట. అది ఇంటికి చేరాకే గుంతలు తవ్వుకోమన్నాడు. ఇది తొమ్మిదో షరతుగా టీకలో చేర్చడమైనది.