బనీనుగారి వంశవృక్షం

బనీనును మన ఇళ్లలో ఎవరూ బట్టల కింద లెక్కేయరు. కాలింగ్ బెల్ మోగగానే "అయ్యో, ఒంటిమీద ఏమీ లేదు" అంటూ గదిలోకి పరిగెత్తే పెద్దమనిషి ఒంటిమీద నిక్షేపంలాంటి బనీను ఉంటుంది. దండెం మీదైనా దాని చోటు చొక్కాల చాటునే. అలాంటిదానికి ఇంత ఘనమైన వంశం ఉందని తెలిశాక, నా పాత బనీనుతో మా ఆవిడ స్టవ్ గట్టు తుడుస్తుంటే ప్రాణం ఉసూరుమంటోంది.

మూలపురుషుడు సంస్కృతంలోని 'వణిజుడు', అంటే వర్తకుడు. గుజరాతులో వాణియా అయ్యాడు. పోర్చుగీసువాళ్ల నోట్లో పడి బనియన్‌గా తేలాడు. ఆ లెక్కన మన బనీనూ, వాణిజ్య పన్నుల శాఖా దాయాదులే. ఒకటి చెమట పీలుస్తుంది, రెండోదాని సంగతి మా బట్టల కొట్టు శెట్టిగారిని అడగండి.

ఈ వర్తకుల్ని చూసిన తెల్లవాళ్లకి మరో పేరు దొరకలేదు కాబోలు, కనబడ్డదానికల్లా ఇదే తగిలించారు. పర్షియా రేవులో వీళ్లు చేరిన మర్రిచెట్టు 'బనియన్ ట్రీ' అయింది. వీళ్లు మాంసం ముట్టరని, బ్రిటిష్ నౌకాదళంలో మాంసం వడ్డించని రోజులు 'బనియన్ డేస్' అయ్యాయి. పాపం, ఆ నావికులకి అన్నీ శనివారాలే! 18వ శతాబ్దంలో దొరలు ఇంటిపట్టున తొడుక్కున్న పొడుగాటి వదులు గౌను కూడా బనియనే. కొన్నిటికి గుడ్డ మన కోరమాండల్ తీరపు అద్దకాలదే. అది వేసుకుని దర్జాగా కూర్చుని బొమ్మలు గీయించుకున్న మహానుభావులున్నారు. నేను బనీనుతో అరుగుమీద కూర్చుంటే మాత్రం "లోపలికి రండి, నలుగురూ చూస్తారు" అని పిలుపు.

ఆ పేరే మన దేశంలో లోచొక్కాకి దిగింది. 1886 నాటి హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు నాటికే, మొదట్లో మస్లిన్‌తో కుట్టిన ఆ లోచొక్కా పోయి, సాగే అల్లిక బనీను వచ్చేసింది. నేతగుడ్డలో పడుగూ పేకా ఉంటాయి. అల్లికలో దారం ఉచ్చులో ఉచ్చు వేసుకుంటూ పోతుంది. అందుకే బనీను నా పొట్టకి తగ్గట్టు ఏటేటా సర్దుకుంటోంది. అందుకే ఒక్క ఉచ్చు తెగితే చాలు, చిల్లు నిచ్చెనెక్కినట్టు పైకి పాకుతుంది. నాదిప్పుడు బొడ్డు దాటి ఛాతీకి చేరువైంది. "గాలాడుతోందిలే" అంటున్నాను.

బెంగాలీలు దీన్ని గెంజి అంటారు. బెస్తవాళ్ల ఉన్ని స్వెట్టర్లకి పేరుపడ్డ గెర్న్‌సీ దీవి పేరు అలా అరిగిపోయింది. మనం బట్టలకి పెట్టేది వాళ్లు ఒంటికి తొడుగుతున్నారన్నమాట.

మొన్న కొత్తవి కొనడానికెళ్లి ఈ చరిత్రంతా శెట్టిగారికి విప్పి చెప్పాను. ఎండాకాలం కదా, గల్లాపెట్టె ముందు ఆయనా చేతుల బనీనుతోనే ఉన్నారు, తన పేరు తనే తొడుక్కున్నట్టు. తిరుప్పూరు డబ్బాలు కిందికి దించుతూ ఓపిగ్గా అంతా విన్నారు.

"బాగుంది గానీ మాస్టారూ, 90 సైజు మీకు ఎక్కదు. 105 ఇమ్మంటారా?"