పద్దెనిమిది చదరపుటడుగుల ఆసామి

హైదరాబాదులో ఈ మధ్య ఆసాములు ఎక్కువైపోయారు. ఎనిమిదో అంతస్తులో ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు బాల్కనీ. అందులో ఓ మూల వాషింగ్ మెషిన్, ఇంకో మూల ఏసీ డబ్బా, మిగిలిన చోట సేద్యం. కుండీలో మొక్క పెంచుకుంటే ఎవరికీ నొప్పి లేదు. నొప్పల్లా ఆ మొక్క పక్కన నిలబడి వాళ్లు చెప్పే మాటలతోనే. "మేం బయట కూరగాయలు కొనడం మానేశామండీ!"

సరే, లెక్క చూద్దాం. మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు కావాలంటుంది తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. నలుగురున్న ఇంటికి నెలకు 48 కిలోలు. కుండీలో టమాటా మొక్క మహా బాగా కాస్తే సీజన్ మొత్తానికి రెండు మూడు కిలోలిస్తుంది, అదీ రోజూ ఆరేడు గంటల ఎండ తగిలితే. ఉత్తరం బాల్కనీ వాళ్లకు ఆ ఎండ ఎదురు ఫ్లాటు కిటికీ అద్దాల దయ. ఏప్రిల్‌లో ఎండలు 40 దాటాయా, పూత రాలిపోతుంది. కాబట్టి కొనడం మానేసినవాళ్లు తినడమైనా మానేసి ఉండాలి, లేదంటే పది నిమిషాల్లో గుమ్మం ముందుకొచ్చే సంచీని 'బయట' కింద జమకట్టకుండా ఉండాలి. నా అనుమానం రెండోదాని మీదే.

ఖర్చు సంగతి అడిగితే మాట మార్చేస్తారు. గ్రోబ్యాగులు, కోకోపీట్ ఇటుకలు, వర్మీకంపోస్టు, వేపపిండి, వేపనూనె, స్ప్రేయరు, చేతి తొడుగులు. కోకోపీట్‌లో మొక్కకు తిండి దాదాపు ఏమీ ఉండదు, అది మళ్లీ విడిగా కొనాలి. రెండ్రోజులు ఊరెళ్లొస్తే ఎండి బిగుసుకుపోతుంది. పోసిన నీళ్లు లోపలికి ఇంకకుండా సంచీ అంచుల వెంట జారి కింది ఫ్లాటులో ఆరేసిన దుప్పట్లను తడుపుతాయి. కుంచెడు గింజల కూలికి పోతే తూమెడు గింజలు దూడ మేసిందన్న సామెతకు ఇంతకంటే ఖరీదైన దూడ దొరకదు. ఇదంతా ప్లాస్టిక్ సంచుల్లో చేస్తూ 'ప్రకృతి ఒడిలోకి' అని పేరు పెట్టుకోవడం మరో ముచ్చట.

2023 జూలైలో టమాటా కిలో 150 దాటినప్పుడు వీళ్ల ఆనందం చూడాల్సింది. ఊరంతా ఏడుస్తుంటే విత్తనాల ప్యాకెట్లు తెచ్చారు. విత్తు నాటిన దగ్గర్నుంచి కాయ ఎర్రబడేదాకా మూడు నెలలు. వీళ్ల కాయ ఎర్రబడేసరికి ధర కుప్పకూలి, రైతులు పంటను రోడ్డు పక్కన పారబోస్తున్నారు.

అసలు చూడాల్సింది సొరపాదు సేద్యం. సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు, ఆడపువ్వు కింద చిటికెన వేలంత పిందె ఉంటుంది. ఎనిమిదో అంతస్తుకు పుప్పొడి మోసే పురుగులు అంతగా ఎక్కిరావు. అందుకని ఆఫీసు నుంచి వచ్చిన సారు, మెళ్లో ఐడీ కార్డు తియ్యకుండానే, మగపువ్వు తుంచి, రేకలు ఒలిచి, ఆడపువ్వుకు అద్దుతూ పెళ్లిళ్ల పేరయ్య అవతారమెత్తుతారు. నాలుగు పిందెలు పసుపుబారి రాలిపోతాయి. ఐదోది నిలబడుతుంది. ఇక దానికి ఉయ్యాల కడతారు, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీస్తారు, బంధువుల వాట్సాప్ గ్రూపులన్నిటికీ పంపుతారు, అమెరికాలో ఉన్న బావమరిదికి వీడియో కాల్‌లో చూపిస్తారు. ఈ వేడుకలన్నీ ముగిసి కత్తి పెట్టేసరికి కాయ ముదిరి గింజ పట్టి ఉంటుంది. ఆ పులుసు ఎలా ఉందని ఇంటావిడను అడగకూడదు. అడిగితే నిజం చెప్పేస్తుంది.

ఆ తర్వాతది జీవామృతమనే ద్రవ ఎరువు. ప్రకృతి సేద్యం ప్రచారకుడు సుభాష్ పాలేకర్ చెప్పిన కొలత ఎకరానికి: 200 లీటర్ల నీళ్లు, పది కిలోల ఆవుపేడ, ఆవు మూత్రం, బెల్లం, పప్పుల పిండి. ఎకరమంటే 43,560 చదరపుటడుగులు. మన ఆసామి పద్దెనిమిది చదరపుటడుగుల కమతానికి వాటా కడితే 83 మిల్లీలీటర్లు తేలుతుంది. ఇరానీ చాయ్ కప్పుకు సరిపోతుంది. కలిపేది మాత్రం డ్రమ్ముడు. ఆ వాసన లిఫ్టు ఎక్కి అన్ని అంతస్తులకూ పోతుంది.

మొక్కలు ఇంటి గాలిని శుద్ధి చేస్తాయన్న మాట కూడా ఉంది. 1989లో నాసా పరిశోధన ఒకటొచ్చింది, మూసిపెట్టిన చిన్న పెట్టెల్లో మొక్కలుంచి చేసినది. ఇల్లు పెట్టె కాదు. 2019లో డ్రెక్సెల్ యూనివర్సిటీ వాళ్లు పాత ప్రయోగాలన్నీ కలిపి లెక్కగడితే, మామూలుగా ఇంట్లోకి వచ్చిపోయే గాలితో సమానంగా పనిచెయ్యాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి మొక్కలు కావాలని తేలింది. అన్ని మొక్కలు పెట్టాక మనిషి ఎక్కడుంటాడో వాళ్లు చెప్పలేదు. కిటికీ తెరిస్తే ఖర్చు లేదు.

మిద్దె మీదకు పోయినవాళ్ల కథ ఇంకొంచెం బరువైనది. మనుషులు ఎక్కి తిరిగే మిద్దెకు భారత ప్రమాణాలు చెప్పే బరువు చదరపు మీటరుకు 150 కిలోలు. అడుగు మందాన తడిమట్టి పరిస్తే 500 కిలోలు. స్లాబు కింద పడుకునేవాళ్లను అడిగి పరవడం మర్యాద.

వీళ్లకంటే ముందు నుంచీ కుండీ సేద్యం చేస్తున్నవాళ్లు బస్తీల్లో ఉన్నారు. అడుగు ఊడిన బకెట్లో కరివేపాకు, నూనె డబ్బాలో బచ్చలి, పగిలిన కుండలో కనకాంబరాలు. బియ్యం కడిగిన నీళ్లే ఎరువు. తాలింపులోకి రెండు రెబ్బలు, జడలోకి మూరెడు మాల దక్కితే చాలనుకుంటారు. ఏ గ్రూపులోనూ పెట్టరు.

మన ఆసామికి అది చాలదు. ఆయనకు బిరుదు కావాలి. "మేమూ రైతులమే" అంటారు. వాన చెడగొట్టని రైతు, అప్పు లేని రైతు, పురుగు పడితే కుండీ ఎత్తి డస్ట్‌బిన్‌లో పారేసి నిశ్చింతగా నిద్రపోయే రైతు. సాయంత్రం ఆకుకూరల బండి దగ్గర కొత్తిమీర కట్ట పది రూపాయలంటే, "పండించేవాణ్ని, నాకు తెలీదా దీని ఖరీదు?" అని ఎనిమిదికి బేరమాడి, కొసరుకు పుదీనా కూడా లాక్కునే రైతు.

అంతగా రైతే అయితే సర్కారు సాయం కూడా తీసుకోవచ్చు. తెలంగాణలో రైతు భరోసా ఎకరానికి ఏడాదికి 12,000 రూపాయలు. పద్దెనిమిది చదరపుటడుగుల వాటా ఐదు రూపాయలకు నాలుగు పైసలు తక్కువ. దరఖాస్తు పెట్టుకోమనండి. పట్టాదారు పాసుపుస్తకం మాత్రం అడుగుతారు.