లేత్ మిషన్ మీద తుపాకి కల

నాది కోరుట్ల. ముప్ఫై ఏళ్లుగా లేత్ మిషన్ పెట్టిన అన్నమే తింటున్నాను. సిరిసిల్ల సాంచాలకు, అంటే మరమగ్గాలకు, బుష్షులు, గేర్లు, షాఫ్టులు చేసి ఇచ్చేవాణ్ని. ఒకసారి అక్కడి ఆసామి ఒకాయన "నీ చేతుల ఇనుము మైనమైతది" అన్నాడు. ఆయన ఆ మాట ఆ సాయంత్రానికే మరచిపోయి ఉంటాడు. నేను మాత్రం పదేళ్లు నెత్తిన పెట్టుకుని తిరిగాను. మెచ్చుకోలు మాట ఎవరికి చేదు చెప్పండి?

మా చిన్నాయిన చేను జగిత్యాల అవతల గుట్టల పక్కన ఉంటుంది. మక్కకంకి పాలు పోసుకునే వేళకు అడవిపందులు దిగుతాయి, మామిడి పిందె పడేసరికి కోతులు వస్తాయి. ఒకనాడు పొద్దున పోయి చూస్తే అరెకరం మక్క నేలమట్టం. చిన్నాయిన ఒడ్డు మీద కూలబడి, విరిగిన కర్రల్ని ఒక్కొక్కటే ఏరుతున్నాడు. నా మనసు ఆగలేదు. "నేనే తుపాకి చేసిస్త చిన్నాయినా" అన్నాను. ఆ మాటలో ప్రేమ ఉంది, అబద్ధం కాదు. కానీ పక్క చేన్ల వాళ్లు నలుగురు వింటున్నారని కూడా నాకు తెలుసు. వాళ్లు లేకపోతే అంత గట్టిగా అనేవాణ్ని కాదు.

అంతకుముందే పేపర్లో చదివాను. 2001లో రక్షణ పరిశ్రమలోకి ప్రైవేటు వాళ్లను రానిచ్చారు. 2017లో చిన్న ఆయుధాల తయారీకి లైసెన్సు ఇచ్చే అధికారాన్ని పరిశ్రమల శాఖ నుంచి కేంద్ర హోంశాఖకు అప్పగించారు, ఆ లైసెన్సును జీవితకాలం చెల్లేలా చేశారు. అంత వార్తలో నా బుర్రకెక్కినవి రెండే మాటలు: ప్రైవేటు, జీవితకాలం. ఇంకేముంది, విదేశీ తుపాకి ఒకటి తెప్పిస్తా, విప్పి చూస్తా, అచ్చం అలాంటిదే లేత్ మీద తీస్తా అనుకున్నాను. దుబాయిలో బామ్మర్ది ఉన్నాడు. మా పక్క దుబాయి లేని ఇల్లెక్కడుంది?

తర్వాత ఆఫీసులు పట్టుకుని తిరిగాను. పరిశ్రమల వాళ్లు పోలీసుల్ని అడగమన్నారు. పోలీసులు కలెక్టరేట్ చూపించారు. కలెక్టరేట్‌లో, మేమిచ్చేది తుపాకి దగ్గర పెట్టుకునే లైసెన్సు, తయారీ సంగతి ఢిల్లీ చూస్తుందన్నారు. దిగుమతి కాగితాలు చూసే ఏజెంటు, ముందు హోంశాఖ అనుమతి తెండి, తర్వాత విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ సంగతి చూద్దాం అన్నాడు. నెల రోజులు అందర్నీ తిట్టుకున్నాను.

మీకు మాత్రం నిజం చెబుతాను. నేను ఎక్కడా ఒకే ప్రశ్న అడగలేదు. ఒకచోట "మిషన్ పెట్టుకుంట" అన్నాను, ఒకచోట "శాంపిల్ తెప్పిస్త" అన్నాను, ఇంకోచోట "కోతుల్ని బెదిరించే ఎయిర్ గన్" అన్నాను. అడిగినదానికి తగ్గ జవాబే ప్రతివాళ్లూ ఇచ్చారు. చట్టంలో దారులు నిజంగానే వేరువేరు. తయారీకి 1959 నాటి ఆయుధ చట్టంలో 5వ సెక్షన్, దిగుమతికి 10వ సెక్షన్. సరుకు ఓడరేవు దాటాలంటే కస్టమ్స్ పట్టికలో 93వ అధ్యాయం. పంది మీద పేల్చాలంటే 1972 వన్యప్రాణి చట్టం, అటవీశాఖ. 0.177 అంగుళం గొట్టం, 20 జౌల్స్ శక్తి దాటని ఎయిర్ గన్ కొనుక్కోవడానికి లైసెన్సే అక్కర్లేదు. పంట కాపలాకు మూతి నుంచి మందు దట్టించే తుపాకికి లైసెన్సు అడగడానికి చట్టంలో వీలుంది. చిన్నాయిన చేత ఒక దరఖాస్తు పెట్టించి ఉంటే సరిపోయేది. కానీ దరఖాస్తు పెట్టించినవాణ్ని ఊరు తుపాకి మేస్త్రి అనదు కదా.

ఇక సిగ్గుపడే ముచ్చట. జగిత్యాలలో చుట్టాల పెండ్లి. భోజనాల బంతిలో నా కార్ఖానా సంగతి ఎత్తుకున్నాను. బామ్మర్ది తోటి పనివాడి దగ్గర పాత ఎయిర్ గన్ ఒకటి సంపాదించాడనీ, ఆ రాత్రి విమానానికే వస్తున్నాడనీ, విప్పి ముక్కలుగా పెట్టెలో సర్దుకోమని నేనే చెప్పాననీ, ముక్కలు తుపాకి కావనీ గొప్పగా చెప్పాను. ఎదురుగా ఒక పెద్ద వకీలు సారు. తింటున్న ముద్ద ఆపి నన్ను పక్కకు పిలిచాడు. "1978 అక్టోబర్‌ల ఈ జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతమని ప్రకటించిన్రు. అప్పుడు నేను పిల్లగాన్ని. తుపాకంటే మాకు పండ్గ ముచ్చట కాదు బిడ్డా. ఆయుధమంటే దాని ముక్కలు గూడ, దాన్ని చేసే మిషన్ గూడ అని చట్టంల రాసుంది. లైసెన్సు లేకుండ చేస్తే 2019 సవరణ తర్వాత ఏడేండ్లకు తక్కువ పడది, యావజ్జీవం దాకా పోతది."

చేయి కడుక్కోలేదు. చెప్పులు తొడుక్కోలేదు. బయటికి ఉరికి బామ్మర్దికి ఫోన్ కొట్టాను, ఎత్తలేదు, మళ్లీ కొట్టాను, స్విచాఫ్, మళ్లీ, మళ్లీ, లక్షసార్లు కొట్టి ఉంటాను, మా ఆవిడ వెనకే వచ్చి ఏమైందని అడిగితే నోరు పెగల్లేదు, నీ తమ్ముణ్ని నేనే జైలుకు పంపుతున్నానని ఎట్లా చెప్పను, వాడికి ఇద్దరు చిన్నపిల్లలు, వాడు పదమూడేళ్లుగా ఎండలో ఇనుపకడ్డీలు మోసి పంపిన పైసలతోనే మా పిల్ల పెండ్లి అయింది. అర్ధరాత్రి దాటాక వాడే ఫోన్ చేశాడు.

"బావా, ఏమనుకోకు. సామాను బరువెక్కువైంది. నీది రూముల్నే ఇడిసిపెట్టిన. పిల్లల చాక్లెట్లు, అక్కకు దుప్పటి పెట్టుకున్న."

ఫంక్షన్ హాల్ మెట్ల మీద కూచుని ఏడ్చాను. వాడు నన్ను క్షమించమంటున్నాడు!

తుపాకి మానేశాను. సాంచాలో నాడెను తన్నే కట్టె ఉంటుంది చూశారా, దానికి చిన్న మోటారు తగిలించి, రేకు మీద కొట్టేలా చేసి చిన్నాయిన చేనులో నిలబెట్టాను. రాత్రంతా టకటకమంటుంది. గుట్ట వైపు నుంచి పందులు రావడం తగ్గిందట, వాగు వైపు నుంచి ఇంకా వస్తున్నాయట. అటువైపు ఒకటి కావాలని నిన్న చిన్నాయిన ఫోన్ చేశాడు. లేత్ మీద ఇప్పుడు దాని షాఫ్టే ఉంది.