గడప దాటుట

మా యింట ప్రవేశించుట కెవ్వరికిని నిషేధము లేదు గాని, వెడలుటకు మాత్రము గ్రహముల యనుమతియు, నక్షత్రముల యాజ్ఞయు, ఆ రెంటికిని మించి మా బామ్మ కటాక్షమును గావలెను. సులోచనములు ముక్కు చివరకు జార్చి, చూపుడువ్రేలితో పంచాంగమున తిథివారనక్షత్రముల మీదుగా దిగివచ్చి, యొకచో నాగి యామె నిట్టూర్చినదన్న, నాడు నా హాజరుపట్టీలో ఎఱ్ఱసిరా పడినట్లే.

రాహుకాలము అరవవారి పట్టింపనియు, తెలుగువారికి దుర్ముహూర్తవర్జ్యములు చాలుననియు కొందఱు పెద్దలు వాదింతురు. మా బామ్మ యే వాదమునకును లోబడక మూడింటిని బాటించును. పగటిని ఎనిమిది పాళ్లు చేసి యందొకటి రాహువున కిచ్చిన మహానుభావుడు, సోమవారపు వంతును ఉదయము 7-30 మొదలు 9 వఱకు నిర్ణయించుటలో, గుమాస్తాల యెడ నాతనికి గల వైర మేమో తెలియరాదు. అయినను వారమును బట్టి వచ్చు రాహుకాలము మర్యాద గలది. నక్షత్రమును బట్టి వచ్చు వర్జ్యము ఉత్తరము వ్రాయకయే పెట్టెతో దిగు బంధువు వంటిది.

ఇట్టి సంకటములకు పూర్వులు ప్రస్థానమను నుపాయమును గల్పించిరి: ప్రయాణించువాని వస్తు వొకటి మంచి వేళకు పొరుగింట నుంచినచో, నాతడు బయలుదేరినట్లే లెక్క. దూరయాత్రల కుద్దేశించిన యీ సౌకర్యమును బామ్మ నా యుద్యోగమునకు వర్తింపజేసినది. కనుక సోమవారమున 7-20 కే నా గొడుగు ఎదురింటి యరుగునకు బయలుదేరును. 8 గంటల బస్సునకై నేను దాని ననుసరింతును.

ఒక శ్రావణ సోమవారమున కుంభవృష్టి. "బామ్మా, వాన!" అంటిని. "తడిస్తే తుడుచుకోవచ్చురా, రాహువు పడితే ఎవరు తుడుస్తారు?" అన్నది. శకునమునకై నిండుబిందెతో సందు మొగను నిలిచిన నా భార్య, "వస్తున్నారా లేదా? చెయ్యి లాగేస్తోంది!" అని కేక వేయుచుండెను, ఆ బిందెలో వాననీరు పొరలుచుండెను. ఎదురింటి పింఛనుదారు, ఒంటి బ్రాహ్మణుడెదురగుట తగదని, నన్ను జూచి లోనికి దప్పుకొనెను. గడపపై కాలు మోపితినో లేదో, మా చిన్నవాడు తుమ్మెను. మరల లోనికి బోయి, కూర్చుండి, మంచినీళ్లు త్రాగి, తడియుచు వీథి దాటి చూతును గదా, గొడుగు లేదు. దానిని వేసికొని ఎదురింటి యబ్బాయి కూరలకు బోయెనట.

బస్సు పోయినదని చెప్పగా బామ్మ యిసుమంతయు చలింపక, "గొడుగు వెళ్లిందిగా, లెక్కకి నువ్వూ వెళ్లినట్టే" అని పంచాంగము మూసినది.