ఎండ మాదే, ఉక్క ఎవరిది?

మా రోజుల్లో ఎండలు లేవనుకునేరు. 1966 జూన్ 2న హైదరాబాద్‌లో 45.5 డిగ్రీలు కొట్టింది. సంగారెడ్డి అక్కడికి ఎంత దూరమని? మేమూ మాడిపోయాం. రోహిణి కార్తెలో పగటిపూట బజార్లో కుక్క కూడా కనబడేది కాదు. కానీ ఆ ఎండకు ఒక పద్ధతుండేది. పొద్దుగూకితే పోయేది. సముద్రానికి 300 కిలోమీటర్లకు పైగా దూరంలో, 500 మీటర్ల ఎత్తున ఉన్న గడ్డ మాది. గాలి పొడిగా ఉండేది, పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోయేది. వాకిట్లో నీళ్లు చల్లి నులక మంచం వాల్చుకుంటే తెల్లవారుజామున దుప్పటి కోసం తడుముకునేవాళ్లం. రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లో ఉద్యోగానికి గుంటూరు, కృష్ణా జిల్లాల నుంచి వచ్చినవాళ్లు "మీ ఎండే నయమండీ, మా దగ్గర ఒళ్లంతా జిడ్డు" అనేవాళ్లు. ఆ మాటకు మేం కాలరెగరేసేవాళ్లం.

ఇప్పుడు రాత్రి పదకొండింటికి గోడ మీద చెయ్యి పెట్టి చూడండి, కాలిన పెనమే. పగలంతా తాగిన వేడిని కాంక్రీటు రాత్రంతా కక్కుతుంది. మట్టి మిద్దెలు, డంగుసున్నం డాబాలు పోయాయి. ముంబై రోడ్డును వెడల్పు చేస్తే నీడనిచ్చే చెట్లు పోయాయి. పటాన్‌చెరు నుంచి పాశమైలారం దాకా ఫ్యాక్టరీల రేకుల షెడ్లు, వాటి వెనక కార్మికుల రేకుల గదులు. వాన పడబోయే ముందు గాలిలో తేమ ఎక్కిందంటే కూలర్ కూడా చేతులెత్తేస్తుంది. నీళ్లు ఆవిరైతేనే కదా దానికి చల్లదనం, తడిగాలిలో అవి ఎట్లా ఆవిరవుతాయి? "తాతా, ఏసీ కొందాం" అంటాడు మనవడు. మనింట్లో వేడిని తీసి పక్కింటోడి కిటికీలో పొయ్యడానికి అన్ని వేలా!

ఇక గాలివాన సంగతి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాకా కాగిన నేల మీది గాలి పైకి లేస్తుంది. దానికి బంగాళాఖాతం తేమ తోడైతే సాయంత్రానికి మబ్బు కమ్ముతుంది. గాలిదుమారం లేచిందంటే పిల్లలమంతా మామిడి తోటకు ఉరికేవాళ్లం. రాళ్లవాన పడితే గిన్నెలు పట్టుకుని ఏరుకునేవాళ్లం. తోట గుత్తకు పట్టినాయన మాత్రం నెత్తి బాదుకునేవాడు, అది వేరే సంగతి. చెట్టు కిందికి పోతే పిడుగు పడుతుందని పెద్దలు అరిచేవాళ్లు. ఇప్పుడు ఆ అరుపు 'దామిని' అనే యాప్ అరుస్తోంది. మంచిదే. ఇది ఒక్కటి మా కాలం కన్నా నయమని ఒప్పుకుంటా. కాకపోతే తాటిచెట్టు మీదున్న గౌడన్నకు ఫోన్ మోగినా దిగే వ్యవధి ఉండాలిగా!

ఈ రోజుల్లో మబ్బు పట్టిందంటే మొదట కరెంటు పోతుంది. తర్వాత హైవే మీద మోకాలిలోతు నీళ్లు. ఆ తర్వాత ఫ్యాక్టరీల మురుగు మోసే నక్కవాగు. ఆ కాలుష్యం కేసు 1990లోనే సుప్రీంకోర్టు దాకా పోయింది, 1994లో పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రమూ వచ్చింది. అయినా గట్టి వాన పడ్డ రాత్రే వాగుకు నురగ, గాలికి ఘాటు ఎందుకొస్తాయో వాగు ఒడ్డున ఏ పిల్లాడిని అడిగినా చెబుతాడు. తొలివానకు మట్టివాసన అని కవులు తెగ రాస్తారు. మా దిక్కు కవులు ముక్కు మూసుకుని రాయాలి.

మళ్లీ ఎండ సంగతికొస్తే, 2023లో సర్కారు కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. పైకప్పుకు తెల్లటి పూత వేస్తే ఎండ వచ్చిన దారినే తిరిగిపోతుందట. మా అమ్మ ఏటా ఉగాదికి ముందు డాబా మీద సున్నం కొట్టించేది, ఏ పాలసీ చదివిందో! పైగా తప్పనిసరి అన్నది సర్కారీ కట్టడాలకు, వ్యాపార భవనాలకు, 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టిన ఇళ్లకు. అంతకు చిన్నవైతే యజమాని ఇష్టం. బీహార్, ఒడిశాల నుంచి వచ్చి, నైట్ షిఫ్టు చేసి, పగలు రేకుల కింద పడుకునే పిల్లల గదులు ఆ లెక్కలోకే రావు. పాశమైలారంలో, బొల్లారంలో గదులు కిరాయికిచ్చే అయ్యలారా, కిరాయి ఒకటో తారీఖునే వసూలు చేస్తారు కదా, ఎండలు ముదరకముందే ఆ రేకుల మీద రెండు పూతల సున్నమైనా వేయించండి.