జాతకం చూసి ఉద్యోగం పోగొట్టుకోండి!

ఈఎస్ఐ కార్డున్న కార్మికుడికి ఉద్యోగం పోతే ఆదుకుంటామని 2018లో కేంద్రం అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన పెట్టింది. సగటు సంపాదనలో నాలుగోవంతు, 90 రోజుల దాకా. మొదట్లో ఆ దరఖాస్తు ఎవరి ద్వారా వెళ్లాలనుకున్నారు? ఉద్యోగం పీకేసిన యజమాని ద్వారానే! కరోనా వచ్చాక, 2020లో ఆ మెలిక సడలించి, భృతిని సగానికి పెంచారు. సంతోషం.

కానీ జన్మకు ఒక్కసారే ఇస్తారట. ముప్పై ఏళ్ల సర్వీసులో మూడు ఫ్యాక్టరీలు మూతపడితే ఏ మూతకు వాడుకోవాలో సిద్ధాంతిగారే చెప్పాలి. ఇక ఫుడ్ డెలివరీ కుర్రాడికి ఆ బెంగ కూడా లేదు. పోవడానికి అతనికి ఉద్యోగం ఉందని కంపెనీ ఒప్పుకుంటేగా! అతను 'పార్ట్‌నర్' అట.